ముందు మనిషిని చెప్పండి

మా పాత ఫాదర్ పోయారని మా ఊరి కొత్త ఫాదర్ ఫోన్ చేసినప్పుడు నేను వనపర్తిలో మా ఇంటి అరుగు మీద పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నాను.

“నిద్రలోనే వెళ్ళిపోయారక్కా. బాధపడలేదు. ఆయన కోరినట్టే మన ఊరికి తెస్తున్నారు. రేపు మట్టి,” అన్నాడు. కొంచెం ఆగి, “ఇంకో మాట. రాయి మీద లాటిన్‌లో రాయించాలని సంఘంవాళ్ళు అంటున్నారు. నాకు వచ్చిన లాటిన్ నాలుగు ప్రార్థనల దాకే. ఆయన దగ్గర కూర్చుని నేర్చుకున్నది మీరే గదా. మీరు మార్చి ఇవ్వాలి,” అన్నాడు.

“ఏ మాట మార్చాలి ఫాదర్?”

“సంఘపెద్ద, మీ మామ, చెప్పాడు. ‘పేదల పాలిటి దైవము, జ్ఞానసముద్రుడు, మహాత్ముడు ఇక్కడ నిద్రించుచున్నాడు.’”

కళ్ళ నిండా నీళ్ళున్నా నాకు నవ్వొచ్చింది. ఈ వాక్యం పట్టుకుని ఎవరైనా ఆయన దగ్గరికే వచ్చి ఉంటే ఏం జరిగేదో నాకు తెలుసు. చేతి గడియారం విప్పి బల్ల మీద బోర్లా పెట్టేవారు. కళ్ళద్దాలు తీసి అంగీ కొసతో తుడుచుకునేవారు. ఆ వాక్యాన్ని మర్యాదగా పక్కకు జరిపి, “మాట తర్వాత. ముందు మనిషిని చెప్పండి,” అనేవారు.

పిల్లలను ఇళ్ళకు పంపించి, కొంగు తలమీదికి లాక్కుని కాసేపు మోకరించాను. దుఃఖం కంటే ముందు కృతజ్ఞతే వచ్చింది. అట్లాంటి మనిషిని మా వాకిట్లోకి నడిపించిన దేవునికి దండం పెట్టుకున్నాను. తర్వాత ఆయన పద్ధతే పట్టుకున్నాను. మాట తర్వాత. ముందు మనిషి.

మాది మానవపాడు దగ్గర పల్లె. ఆయన మాకు రాకముందు చాలా ఏళ్ళు గురువులు, అంటే ఫాదర్లు, కాబోయే పిల్లలకు లాటిన్ చెప్పేవారట. చర్చిలో లాటిన్ పూజ మన భాషల్లోకి వచ్చేశాక ఆ పాఠానికి కూర్చునేవాళ్ళు తగ్గిపోయారు. “నేర్పే భాష పోయింది, నేర్పేవాడు మిగిలాడు. మిగిలినవాణ్ణి ఏం చేయాలో తెలియక మీ ఊరికి పంపారు,” అని చెప్పి తనే నవ్వేవారు. రాయచూరు వైపు మనిషి. తెలుగు పుస్తకాలు చదివి నేర్చుకున్నది కాబట్టి కొంచెం గ్రంథంలా ఉండేది, నడుమ నడుమ కన్నడం దొర్లేది. పని కుదిరితే “ఆయ్తు” అనేవారు. వద్దనడానికి “బేడ”. నన్ను “తంగీ” అని పిలిచేవారు. వాళ్ళ భాషలో చెల్లెలని అర్థం. వాడలో పిల్లలు ఆయన వెనక నడుస్తూ “ఆయ్తు సామీ, ఆయ్తు సామీ” అని అరిచేవాళ్ళు. ఆయన వెనక్కి తిరగకుండానే “ఆయ్తు” అని నడిచి పోయేవారు.

ఎప్పుడూ చేతిలో గొడుగు ఉండేది. దాన్ని నడిమికి పట్టుకుని నడిచేవారు. ఎండకూ విప్పేవారు కాదు, వానకూ విప్పేవారు కాదు. అది ఆయన కలం. ఏ మాటైనా తోస్తే ఉన్నచోటే ఆగి, గొడుగు మొనతో దుమ్ములో రాసి, తల అటూ ఇటూ వంచి చూసి, చెప్పుతో చెరిపేసేవారు. మా ఊరి దారుల్లో ఎంత లాటిన్ చెరిగిపోయిందో మేకలకే తెలియాలి.

లాటిన్ వచ్చిన సామి ఒకాయన ఉన్నాడన్న మాట చుట్టుపక్కల పాకిపోయింది. నాగర్‌కర్నూలు నుంచి వచ్చేవాళ్ళు, లింగాల నుంచి వచ్చేవాళ్ళు. తల్లికో తండ్రికో రాయి వేయిస్తూ, దాని మీద పెద్ద చర్చీల్లో ఉన్నట్టు ఒక లాటిన్ మాట ఉంటే గౌరవంగా ఉంటుందని వాళ్ళ ఆశ. క్రైస్తవులే రావాలని ఏమీ లేదు. ఒకసారి గద్వాల నుంచి ఒక వకీలుగారి కొడుకులిద్దరు కారులో వచ్చారు. తండ్రి పేరున బడిలో గది కట్టించారట. గోడకు పెట్టే రాతి మీద ‘ధర్మమూర్తి, కరుణాసముద్రుడు’ అన్నది లాటిన్‌లో కావాలి. నేను పలక పట్టుకుని ఆయన ఇంటి వసారాలో ఒక పక్కన ఉన్నాను. ఫాదర్ గడియారం విప్పారు.

“మీ నాన్నగారు చేసిన పని ఒకటి చెప్పండి.”

“శానా ధర్మాలు చేసిండండి,” అన్నాడు పెద్దకొడుకు.

“శానా వద్దు. ఒకటి. మీరు కళ్ళతో చూసింది.”

పెద్దకొడుకు తడుముకున్నాడు. చిన్నవాడు గడప దగ్గర నిలబడే, “బత్తాయిలు ఒలిచి పెట్టేటోడు,” అన్నాడు. “కోర్టు నుంచి ఎంత అలిసిపోయి వచ్చినా కాళ్ళు కడుక్కొని కూసొని, ఇంట్ల ఎంతమందుంటే అంతమందికి, పనిచేసే ఆమెకు సుత, తొనలు ఒలిచి చేతుల పెట్టేటోడు. మా అన్నకైతే గింజలు సుత తీసేటోడు.”

“నీకు తియ్యకపోతుండెనారా?” అన్నాడు పెద్దవాడు. ఆ గొంతు కారు దిగినప్పటి గొంతు కాదు.

“ఆయ్తు,” అన్నారు ఫాదర్. గొడుగు మొనతో నేలమీద రాసి, చదివి, అర్థం చెప్పారు. ‘తన చేతులతో పెట్టాడు.’

“గంతేనా సార్? సముద్రం అంటే జర నిండుగ ఉండేది.”

“సముద్రం ఎవరికైనా రాయొచ్చు. బత్తాయి మీ నాన్నదే.”

వాళ్ళు ఆ మాటే తీసుకుపోయారు.

నేను బడికి పోయిన దాన్ని కాను. అమ్మ, నాయిన గుంపు పనికి పోయేవాళ్ళు. మేస్త్రీ ఎక్కడికి తీసుకుపోతే అక్కడ కాలువ తవ్వేవాళ్ళు, కట్ట పోసేవాళ్ళు. కట్ట పక్కనే మా గుడిసె. అన్ని ఊళ్ళ మాటలూ నా నాలుక మీద కలిసిపోయి, ఊరికి తిరిగి వచ్చేసరికి నా తెలుగు ఎవరికీ తెలుగులా వినబడలేదు. ఒకటో తరగతిలో కూర్చోవడానికి నేను మరీ పెద్దదాన్ని. కూర్చున్న ఒక్క పూటా పిల్లలు నా మాటకు నవ్వారు. మళ్ళీ పోనన్నాను.

ఆయన మా ఇంటికి వచ్చి, “ఎందుకు పోవు తంగీ?” అని అడిగారు. నేను చెప్పాను. సగం మరాఠీ, సగం హిందీ, మిగిలింది మాది. ఆయన నవ్వలేదు. “రొట్టెను ఏమన్నావు ఇప్పుడు?” అన్నారు. “భాకరి.” “భాకరి,” అని నెమ్మదిగా పలికి, “కందిపప్పును?” అన్నారు. ఆ పొద్దు నేనే గురువును. పోతూ పోతూ, “బడికి నువ్వు పోకపోతే నేనే రావాలి. నాకు సాయంత్రం పూట పనేముంది,” అన్నారు.

వచ్చారు. మొక్కజొన్న కంకులు ఒలిచే కాలంలోనూ, పల్లికాయ పీకే కాలంలోనూ, కరెంటు ఉన్నా లేకపోయినా, పొద్దు వాలే వేళకు మా గడపలో గొడుగు కనబడేది. అమ్మ ఇత్తడి చెంబుతో నీళ్ళు చేతికి ఇచ్చేది. ఆయన తాగి, చెంబు వెనక్కి చేతికే ఇచ్చేవారు. తెలుగు అక్షరాలు అయ్యాయి, లెక్కలు అయ్యాయి. దుమ్ములో ఆయన రాసేది ఏమిటని అడిగినందుకు లాటిన్ కూడా మొదలైంది. ఈ పొద్దు నేను నలుగురు పిల్లలకు అక్షరం చెప్పి గౌరవంగా బతుకుతున్నానంటే అది ఆ గడప మీద పెట్టిన భిక్షే.

అప్పటికే నాయిన లేడు. ఊరికి తిరిగి వచ్చిన ఏడు అమ్మ నన్ను పెట్టుకుని ఊళ్ళోనే ఉండిపోయింది. నాయిన ఒక్కడే గుంపుతో పోయాడు. దూరదేశంలో ఒక కాలువ పని దగ్గర జ్వరం వచ్చి పోయాడని మేస్త్రీ వచ్చి చెప్పాడు. అక్కడే కట్ట పక్కన మట్టి చేశారు. గుంపు ముందుకు సాగిపోయింది. ఏ కట్ట, ఏ ఊరి పక్కన అంటే మేస్త్రీకే సరిగా తెలియదు.

మా ఊళ్ళో సమాధుల పండుగకు అందరూ తమవాళ్ళ మట్టిదిబ్బలు అలికి, సున్నం పూసి, కొవ్వొత్తి వెలిగించి, బొరుగులు చల్లుతారు. అమ్మకు అలకడానికి దిబ్బ లేదు. అట్లాంటివాళ్ళు మా ఊళ్ళో ఇంకా ఉన్నారు. మా దగ్గర మనుషులు పొట్ట చేత పట్టుకుని పోయి ఎక్కడెక్కడో పోతారు గదా. వాళ్ళందరూ శ్మశానం మధ్యలో ఉన్న దొరసామి సమాధి దగ్గరికి పోయి, ఆయన మెట్టు మీద తమవాళ్ళ కొవ్వొత్తి పెట్టుకునేవాళ్ళు. ఎప్పుడో సముద్రం దాటి వచ్చి మా ఊళ్ళో పోయిన పాత గురువు ఆయన. తనకూ ఇక్కడ నా అన్నవాళ్ళు లేరు కాబట్టి, తనవాళ్ళు ఇక్కడ లేని అందరికీ ఆయనే దిక్కు. ఆ ఒక్కటే మా శ్మశానంలో రాతి సమాధి. దాని మీద ‘హిక్ యాచెత్’ అని మొదలయ్యే లాటిన్ ఉంది. ‘ఇక్కడ పడుకుని ఉన్నాడు’ అని. అమ్మకు చదవరాదు. అయినా ఏటేటా కొవ్వొత్తి వెలుతురులో ఆ రాతనే చూస్తూ నిలబడి ఆమెకు దాని ఒంపులు కంఠతా వచ్చేశాయి.

ఒక సాయంత్రం పాఠం మధ్యలో అమ్మ వచ్చి నిలబడింది.

“సామీ, మా ఆయనకు రాయి పెడ్త. స్నానాల కాడికని ఆయనే తెచ్చి గోడకు ఆనిచ్చిన నాపబండ ఉన్నది. దాని మీద రాయియ్యాలె.”

“మంచిది అమ్మా. తెలుగులోనే రాయిద్దాం. అందరూ చదువుతారు.”

“తెలుగుల రాసినా నాకు చదవరాదు. దొరసామి భాషల రాసినా చదవరాదు. ఎట్లాగూ చదవరానప్పుడు పెద్ద భాషనే రాయియ్యరాదు?”

ఫాదర్ గట్టిగా నవ్వారు. “ఆయ్తు. ఏమని రాయాలి?”

“దొరసామికి ఏముంటే గదే. మొదటి రెండు మాటలు గట్లనే ఉండాలె.”

ఆయన నవ్వు ఆగిపోయింది. గడియారం విప్పి మోకాలి మీద పెట్టుకున్నారు. “అది కుదరదమ్మా. ఆ మాటలకు ఇక్కడ పడుకుని ఉన్నాడని అర్థం. మీ ఆయన ఇక్కడ లేడు. ఉన్నాడని రాస్తే రాయి అబద్ధం చెప్తుంది. లాటిన్‌లో చెప్పినా అబద్ధం అబద్ధమే.”

అమ్మ గోడకు ఆనిచ్చిన బండ వైపు చూసింది. తర్వాత మెల్లగానే అంది. “దొరసామికొక తీరు, మట్టి మోసినోనికొక తీరా? ఆయన తవ్విన కాలువల నీళ్ళు పారుతున్నయి. గా రెండు మాటలు ఆయనకు రాస్తే దేవునికి ఏం తక్కువైతది?”

“ఏమీ తక్కువ కాదు. కానీ అది మీ మాట కాదు. దొరసామి రాతి మీద నుంచి ఎత్తుకొచ్చిన మాట. మీ మాట చెప్పండి, రాస్తాను.”

“నాకు మాటలు రావు సామీ. మాటలొస్తే మట్టి పనికెందుకు పోత?”

మరుసటి రోజు నుంచి అమ్మ నీళ్ళ చెంబు చేతికి ఇవ్వలేదు. తెచ్చి గడప మీద పెట్టి లోపలికి పోయేది. ఆయన వంగి తీసుకుని, తాగి, అక్కడే పెట్టేవారు. రావడం మాత్రం మానలేదు. పాఠం అయ్యాక లోపలికి వినబడేట్టు, “ఈ పూట ఏమైనా చెప్తారా అమ్మా?” అని అడిగేవారు. లోపల రొట్టె కొట్టే చప్పుడు ఇంకొంచెం గట్టిగా వినబడేది. “ఆయ్తు. రేపు వస్తాను,” అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయేవారు.

ఈలోగా రాయి సంగతి ఊళ్ళో తెలిసింది. మామకు నచ్చలేదు. అమ్మ ఆయన్ని అన్నా అని పిలుస్తుంది కాబట్టి నాకు మామ. చెడ్డవాడు కాదు. శ్మశానానికి కంచె వేయించింది, బావి తీయించింది ఆయనే. ఆ జాగాను తన చేనులాగే చూసుకుంటాడు. ఫాదర్ సాయంత్రాలు మా ఇంట్లో దొరుకుతారని తెలిసి నేరుగా అక్కడికే వచ్చాడు.

“ఫాదర్‌గారూ, నేనొకటి చెప్త, ఏమనుకోకండ్రి.”

“చెప్పండి,” అన్నారు ఆయన. నా పలక పక్కన పెట్టించి, గడియారం విప్పారు.

మామ చెప్పడం మొదలుపెట్టాడు. ఉన్న జాగ ఎంత, ఇంకా రావలసినవాళ్ళెంతమంది. మనిషి లేని సమాధి ఎక్కడన్నా ఉందా. ఈమెకు ఇస్తే రేపు గుంపు పనికి పోయి రానోళ్ళ పెండ్లాలందరూ వస్తరు. “లేనోనికి జాగ ఇచ్చుకుంట పోతే ఉన్నోళ్ళం ఏడ పండాలె?” అన్నాడు. ఒక్కచోట కూడా ఫాదర్ అడ్డు తగల్లేదు. మామ మాట అయిపోయి, వెనక్కి పోయి మళ్ళీ మొదటి నుంచి చెప్పినా తల ఊపుతూ విన్నారు. చెప్పీ చెప్పీ అలిసి మామ భుజం మీది తువాలు తీసి దులిపి, గోడ వారన పరిచి కూర్చోబోయాడు.

“ఆడ కాదన్నా.”

అమ్మ లోపల నుంచి వచ్చింది. చేతులకు పిండి అంటుకునే ఉంది.

“ఆడ కూసోకు. అది ఆయన జాగ. పనికి పోయినా పండుకునే జాగ అట్లనే ఉంచేదాన్ని. ఇప్పుడు సుత ఆడ ఎవ్వరు పండరు, ఎవ్వరు కూసోరు. నీ జాగ ఈడ్నే ఉన్నదని రోజు ఆయనకు చెప్తనే ఉంట.”

మామ వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు. తర్వాత తువాలు తీసుకుని గడప దగ్గరికి పోయి కూర్చున్నాడు.

“ఆయ్తు,” అన్నారు ఫాదర్, చాలా మెల్లగా. “అమ్మా, మీకు మాటలు రావన్నారు. ఇంకోసారి చెప్పండి.”

“ఏంది చెప్పేది?”

“మీ ఆయనకు రోజూ ఏం చెప్తారో అది.”

అమ్మ ఆయన వైపు చూసింది, నా వైపు చూసింది. “నీ జాగ ఈడ్నే ఉన్నది,” అంది.

ఫాదర్ గొడుగు అందుకున్నారు. మాది పేడతో అలికిన నేల. గీత పడుతుందని అమ్మ ఎవరినీ గోకనిచ్చేది కాదు. ఆ పొద్దు ఏమీ అనలేదు. ఆయన రాసి, వేలు పెట్టి చూపిస్తూ చదివారు. “లోకుస్ తూఉస్ హిక్ ఎస్త్. నీ జాగ ఇక్కడే ఉంది. ఇందులో అబద్ధం లేదు. ఏ గురువు వచ్చి అడిగినా, దేవుడే అడిగినా లేదు.”

“గిండ్ల జాగ అన్నది ఏది సామీ?”

“ఇదిగో. లోకుస్.”

“లోకుస్,” అంది అమ్మ. లోపలికి పోయి చేతులు కడుక్కుని, చెంబుతో నీళ్ళు తెచ్చి ఆయన చేతికి ఇచ్చింది. మామకు కూడా ఇచ్చింది. మామ తాగి, ఫాదర్‌ను చూసి, “నేను చెప్పింది చెప్పినట్లనే ఉంది, తెలుసునా?” అన్నాడు. “విన్నాను. జాగా తక్కువే. రాయి నిలబెట్టేంత చాలు,” అన్నారు ఫాదర్. శ్మశానంలో కంచె వారన చోటు మాత్రం మామే చూపించాడు.

గద్వాలలో రాళ్ళ మీద పేర్లు చెక్కే చాచా దగ్గరికి ఆ బండను బండి మీద తీసుకుపోయాము. ఆయన ఉర్దూ చెక్కుతాడు, తెలుగు చెక్కుతాడు. ఈ రాత ముందు కాసేపు గడ్డం గోక్కున్నాడు.

“ఇది ఏం జబాన్ సాబ్? ఎవరు మాట్లాడ్తరు?”

“ఇప్పుడు ఎవరూ మాట్లాడరు. మృతభాష అంటారు.”

“సచ్చిపోయిన జబానా?” చాచా కొంచెం ఆలోచించి, “మన గిరాకీలు సుత గసుంటోళ్ళే. మంచిగ ముచ్చట పెట్టుకుంటరు,” అన్నాడు.

అక్షరాలు బ్రహ్మాండంగా చెక్కాడు. చేతి అలవాటు కొద్దీ పైన ఫోటో పెట్టడానికి గుండ్రంగా ఒక గుంట కూడా తొలిచేశాడు. మేము చెప్పనే లేదు. నాయినకు ఒక్క ఫోటో కూడా లేదు. చాచా పరేషాన్ అయిపోయి, సిమెంటుతో పూడుస్తానన్నాడు. “బేడ, బేడ,” అన్నారు ఫాదర్. ఆ ఏడు సమాధుల పండుగకు అమ్మ ఆ గుంటలో కొవ్వొత్తి పెట్టింది. గాలి తగలని చోటు గనక అందరి కొవ్వొత్తులు ఆరిపోయినా అది నిలిచింది. అమ్మ దొరసామి మెట్టు దగ్గర ఒకటి వెలిగించింది, అలవాటు తప్పకూడదని. తర్వాత తన రాతి ముందు కూర్చుని చాలాసేపు మాట్లాడుకుంది. తర్వాతి ఏళ్ళలో ఆ కంచె వెంట ఇంకొన్ని బండలు నిలబడ్డాయి. ప్రతి బండకూ ముందు ఫాదర్ గడియారం విప్పారు. ఒక్కదాని మాట ఇంకోదానికి రాయలేదు.

చూపు తగ్గాక ఆయన్ని ముసలి గురువుల ఆశ్రమానికి తీసుకుపోయారు. నేను పోయి కనబడితే, గొంతు పట్టి గుర్తుపట్టి, “తంగీ, చెప్పు,” అనేవారు. నేను వనపర్తి సంగతులు, పిల్లల సంగతులు చెప్పేదాన్ని. ఆయన కళ్ళు మూసుకుని చేతి గడియారం విప్పేవారు. అప్పటికి అది ఆగిపోయి ఎన్నాళ్ళయిందో.

మట్టి చేసిన రోజు ఊరంతా వచ్చింది. అన్నాలు తిన్నాక చెట్ల కింద కూర్చున్నవాళ్ళలో ఒక్కొక్కరి దగ్గరికే పోయి అడిగాను. ఆయన చేసిన పని ఒకటి చెప్పండి. మీరు చూసింది.

ఒక ముసలమ్మ, “నా కోడలి మీద చాడీలు మోసుకపోతే పొద్దుగూకే దాక కూసొని విన్నడు బిడ్డా. తీర్పు చెప్పలే. ఇంటికొచ్చి చూస్తే నా కోపమే లేదు. ఏడ పడేసుకున్ననో తెల్వదు,” అంది. మానవపాడులో కిరాణం కొట్టు సాయిబు, “ఆయన మా దుకాన్‌కొస్తే సామాను తక్కువ, ముచ్చట ఎక్కువ. ముచ్చట పెట్టేది మాత్రం నేనే,” అన్నాడు. మేస్త్రీ ముసలివాడైపోయాడు. “మీ నాయిన పోయిన సంగతి నేను ఒక్కొక్కటి చెప్తుంటే ఆయన ఆపకుండ విన్నడు. గప్పుడే నాకు ఏడుపొచ్చింది. అంతకుముందు రాలే,” అన్నాడు. సముద్రం, దైవం అన్నవాళ్ళు ఒక్కరూ లేరు.

నాకు మాట దొరికింది. దొరికి భయపడ్డాను. ఆయన నాకు నేర్పిన మొదటి లాటిన్ ప్రార్థన ‘ఔది నోస్’. మా మనవి ఆలకించుము. మోకాళ్ళ మీద నిలబడి దేవుణ్ణి మాత్రమే అడిగే మాట అది. ఇప్పుడు ఆయన రాతి మీద ‘ఔదీవిత్ నోస్’ అని రాయాలనిపిస్తోంది. మా మాట విన్నాడు. దేవుణ్ణి వేడుకునేది తీసుకుపోయి ఒక మనిషి చేశాడని చెక్కిస్తే పాపం కాదా? ఆ సందేహంతోనే అమ్మ దగ్గర కూర్చున్నాను. అమ్మకు ఇప్పుడు నడుం వంగిపోయింది. మాట మాత్రం వంగలేదు.

“మా మాట విన్నడు అని రాయిద్దామనుకుంటున్ననే. దేవుని మాట మనిషికి పెట్టినట్టు కాదా?”

అమ్మ వక్క నములుతూ ఆలోచించింది. “దేవుడు వింటడని మనకెట్ల తెల్సిందే? గీయన విన్నంకనే గదా,” అంది. “రాయి పో.”

వనపర్తి చేరాక కొత్త ఫాదర్‌కు ఫోన్ చేసి అక్షరం అక్షరం చెప్పాను.

“రెండే మాటలా అక్కా? రాయి పెద్దది తెప్పించారు. చాలా జాగా మిగిలిపోతుంది.”

“మిగలనివ్వండి ఫాదర్.”

“సంఘపెద్ద గారికి నేను చెప్పలేను. మీరే చెప్పాలి.”

చెప్తానన్నాను. కానీ మామ ఊళ్ళో లేడు, కూతురి దగ్గరికి కర్నూలు పోయాడు. ఆయన వచ్చేసరికి రాయి నిలబెట్టేశారు. కబురు విని కర్ర పట్టుకుని నేరుగా శ్మశానానికే వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. సమాధి చుట్టూ ఒకసారి తిరిగాడు. వెనక ఏమైనా రాసి ఉందేమోనని వెనక కూడా చూశాడు.

“నేను చెప్పిందంతా గీ రెండు మాటలల్లనే ఇమిడిందా?”

“లేదు మామా. నువ్వు చెప్పింది రాయలే.”

“మరేం రాసినవ్?”

“మా మాట విన్నాడు అని.”

మామ కర్ర మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. కంచె వారన నిలబడి ఉన్న బండల వైపు ఒకసారి చూశాడు. నేను తిట్లకు సిద్ధంగానే ఉన్నాను.

“నా మాట సుత విన్నడు,” అన్నాడు చివరికి. “ఒప్పుకోలే గాని, విన్నడు.”